ఐదో ప్రశ్నలో ఒక అక్షరం

"ఇక నేను ఆ ఫోను ఎత్తను. ఎత్తినప్పుడల్లా మీ కోడలు ఉందా అని అడగడం, ఉందంటే ఒకడు నవ్వడం, లేదంటే ఇంకొకడు నవ్వడం. నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఈ వయసులో రిసెప్షనిస్టు ఉద్యోగం నా వల్ల కాదు," అంది అత్తగారు, ఫోను మీద టవలు కప్పుతూ.

"ఎత్తకండి అత్తయ్యా. మోగి మోగి అదే ఊరుకుంటుంది," అంది ఎడిటర్.

ఆమె డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని ఉంది. టేబుల్ నిండా ఆ రోజు పేపర్లు పరిచి ఉన్నాయి. రోజూ అయితే తన పేపరు పైన, మిగతావన్నీ దాని కింద ఉండేవి. ఈ రోజు తన పేపరు ఎక్కడ పడిందో కూడా ఆమె చూసుకోలేదు. పోటీ పేపరు మొదటి పేజీ ముందేసుకుని కూర్చుంది. ఆ పేజీలో సగం ఆమే ఉంది. మొహం కాదు, చేతిరాత.

ఏడు ప్రశ్నలు రాసిన అట్టకార్డు ఫొటో అది. దాని మీద అరచెయ్యంత అక్షరాలతో 'ముందే అందిన ప్రశ్నలు' అని శీర్షిక పెట్టారు. పోయిన శుక్రవారం ఆమె టీవీ షోకి వచ్చిన మంత్రి దగ్గర, షోకి రెండు రోజుల ముందే ఈ ప్రశ్నలు ఉన్నాయట. ఎడిటరే పంపిందట. మనసు ఒప్పుకోక ఇప్పుడు బయట పెడుతున్నానని మంత్రిగారు సెలవిచ్చారు. షోలో కార్డు మీద లేని ఎనిమిదో ప్రశ్న అడిగితే నీళ్లు నమిలిన పెద్దమనిషికి, ఐదు రోజుల తర్వాత హఠాత్తుగా మనసు పుట్టుకొచ్చింది.

ముందుగా ప్రశ్నలు ఇవ్వకపోవడమే ఆమె షోకి ఉన్న ఒకే ఒక్క గొప్ప. పదేళ్లుగా జనం చూస్తున్నది అందుకే. ఆమె ప్రతి ప్రశ్ననీ "మరైతే" అని మొదలుపెడుతుంది. అందుకని వీధిలో పిల్లలకి కూడా ఆమె పేరు 'మరైతే' అయింది. ఆ ఒక్క మాట మీద సంపాదించుకున్న పరువంతా మూడు రోజుల్లో గంగలో కలిసింది.

నిన్నటి నుంచి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. నిన్న మధ్యాహ్నం ఆమె ఆఫీసులో చేసి వచ్చిన ఘనకార్యం అలాంటిది. ఇరవై ఏళ్లుగా పక్కనే ఉండి పనిచేసిన డెస్క్ ఇన్‌ఛార్జి మొహం మీద ఫోనులో ఆ ఫొటో పెట్టి, నలభై మంది చూస్తుండగా, "ఎంతకి అమ్ముకున్నావు? ఇక ఆఫీసుకి రాకు," అంది. షో కార్డులు ఇంట్లోంచి తెచ్చాక పెట్టేది ఆ ఇన్‌ఛార్జి సొరుగులోనే. తాళంచెవి ఉండేది ఆ మనిషి దగ్గరే. ఇంకెవరు తీస్తారు?

ఆ ఇన్‌ఛార్జిని ఆఫీసంతా కత్తెర అంటారు. పేజీడు వార్త ఇస్తే పది వాక్యాలకి కత్తిరించి చేతిలో పెడుతుంది, ఒక్క విషయం జారిపోదు. మాటకి మాట అప్పజెప్పడంలోనూ అంతే పదును. అలాంటి మనిషి నిన్న నోరు మెదపలేదు. ఫొటో వంక చూసింది, ఎడిటర్ వంక చూసింది, గొడుగు, కళ్లజోడు పెట్టె తీసుకుని వెళ్లిపోయింది. తప్పు చెయ్యకపోతే ఎందుకు ఊరుకుంటుంది? నిన్నటి నుంచి ఎడిటర్ ఆ మాటే పట్టుకుని వేలాడుతోంది.

"కాస్త ఏదైనా తిను," అన్నాడు ఆమె భర్త, ఎదురు కుర్చీ లాక్కుంటూ.

"ఆకలి లేదు."

"ఒక నెల సెలవు పెట్టెయ్యి. అన్నీ అవే చల్లబడతాయి."

"సెలవు పెడితే ఒప్పుకున్నట్టే అవుతుందండీ."

"ఒప్పుకోవడానికి నువ్వేం చేశావు? చేసిందెవరో తేలిపోయిందిగా. మనిషిని కూడా పంపించేశావు. ఇంకా ఎందుకు ఆ పేపరు పట్టుకుని కూర్చోవడం?"

"ఆ పిల్ల అలాంటిది కాదురా," అంది అత్తగారు. "నాకు కంటి ఆపరేషన్ అయినప్పుడు మీ ఇద్దరికీ తీరిక లేకపోతే, ఆఫీసుకి సెలవు పెట్టి నా మంచం పక్కన కూర్చుంది. పేపరంతా చదివి వినిపించింది. అబద్ధాలు వచ్చిన చోట గొంతు మార్చి మరీ చదివింది."

"మనుషులు పైకి కనిపించినట్టు ఉండరమ్మా," అన్నాడు ఆయన.

ఆయన కూడా అదే పేపర్లో పనిచేశాడు. ముప్పై రెండేళ్లు ప్రూఫ్ రీడర్. ఆఫీసులో ఆయన పేరు భూతద్దం. ఎడిటర్ ట్రైనీగా చేరిన రోజున ఆయన కిందే వేశారు. అచ్చుతప్పు దిద్దడం దగ్గర్నుంచి అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది. తర్వాత ఆమె మెట్లెక్కుతూ పోయింది, ఆయన ఆ కుర్చీలోనే ఉండి రిటైరయ్యాడు. ఈ సంగతి గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఎడిటర్ మళ్లీ పేపరు మీదికి వంగింది. ఆ ఫొటోని టీవీలో చూసింది, ఫోనులో చూసింది. రెండు చోట్లా తన చేతిరాతని గుర్తుపట్టి భగ్గుమంది తప్ప, అందులో ఏం రాసి ఉందో చదవలేదు. చదవడానికేముంది, తను రాసిందే కదా. ఈ రోజు పోటీ పేపరు వాళ్లు మహా ఉత్సాహంగా అర పేజీ పెట్టారు కాబట్టి ప్రతి అక్షరం స్పష్టంగా ఉంది. ఆమె మొదటిసారి చదవడం మొదలుపెట్టింది.

ఐదో ప్రశ్న: 'తాగునీటి పైపులు మార్చే పని పక్కన పెట్టి, శాఖ కొత్త భవనానికి ప్రాధాన్యత ఎందుకు ఇచ్చారు?'

చేతికి అలవాటైన పని చెయ్యి చేసేసింది. పక్కనున్న ఎర్ర పెన్ను తీసి 'త' చుట్టూ సున్నా చుట్టి, అంచున కొట్టివేత గుర్తు పెట్టింది. పెట్టాక గానీ ఏం చేసిందో ఆమెకి తెలియలేదు.

ప్రాధాన్యత అనే మాట ఆమె పేపర్లో ఉండదు. ప్రాధాన్యం అంటే సరిపోతుంది, దానికి మళ్లీ త తగిలించడం తోకకి తోక కట్టడం అని ఆమె పోరు. డెస్కులో గోడ మీద ఆ మాట రాసి, అడ్డంగా గీత కొట్టి, 'ఇది రాసినవారు ఆ రోజు అందరికీ టీ ఇప్పించవలెను' అని బోర్డు పెట్టించింది. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం టీలు ఇప్పిస్తూనే ఉంటారు. అలాంటిది తన చేత్తో తనే రాసింది. ఎప్పుడు?

పోయిన వారం, బుధవారం పొద్దున. ఈ టేబుల్ మీదే. ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ కార్డు రాసి, అక్కడే పెట్టి స్నానానికి వెళ్లింది. పది నిమిషాల్లో తిరిగి వచ్చేసరికి ఆయన కార్డు ముందు కూర్చుని పడీ పడీ నవ్వుతున్నాడు. "ఎడిటర్ గారూ, ఈ రోజు టీ మీదే," అన్నాడు. ఆమె సిగ్గుపడి, తనూ నవ్వి, ఆ కార్డుని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసింది. కొత్త కార్డు మీద 'ప్రాధాన్యం' అని రాసుకుని ఆఫీసుకి వెళ్లింది.

కత్తెర సొరుగులో పెట్టింది ఆ కొత్త కార్డుని. త ఉన్న కార్డు ఈ గుమ్మం దాటనే లేదు. అది బతికింది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఇంట్లో ఆమె కాక ఉన్నది ఒక్కరే. అత్తగారు ఆ వారమంతా కూతురి దగ్గర ఉంది.

ఎడిటర్ ఎర్ర పెన్నుకి మూత పెట్టింది.

"మరైతే," అంది ఆమె.

ఆయన చటుక్కున తలెత్తాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఆమె టీవీలో అనగా విన్నాడు గానీ ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

"పోయిన వారం బుధవారం నేను స్నానానికి వెళ్లినప్పుడు మీ ఫోను ఎక్కడుంది?"

"నా ఫోనా? ఎక్కడుంటుంది, జేబులో ఉండి ఉంటుంది."

"జేబులోనే ఉందా?"

"ఏమిటీ ప్రశ్నలు? నేనేమన్నా నీ షోకి వచ్చానా?"

ఆమె పేపరుని ఆయన వైపు తిప్పి, మెల్లగా జరిపింది. ఆయన కళ్లు ముందు ఎర్ర సున్నా మీదే పడ్డాయి. ముప్పై రెండేళ్ల అలవాటు అది. చూసి, పెదవి కొనన నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

టవలు కింద ఫోను మోగింది. ముగ్గురూ అది ఆగేదాకా వింటూ కూర్చున్నారు.

"నేనే తీశాను," అన్నాడు ఆయన.

అత్తగారు "ఏం తీశావురా?" అంది. పేపర్లో ఫొటో వంక చూశాక ఆవిడకే అర్థమై కుర్చీలో కూలబడింది.

"ఆ మంత్రి నాతో చదువుకున్నాడు. నాలుగేళ్లు ఒకే బెంచీ," అన్నాడు ఆయన. "నలభై ఏళ్ల తర్వాత ఫోను చేశాడు. మీ ఆవిడ ముందు కూర్చోవాలంటే చెమటలు పడుతున్నాయిరా, ఏమడుగుతుందో కాస్త తెలిస్తే తడబడకుండా చెబుతాను, చూసి చెరిపేస్తాను అన్నాడు. ఇలా చేస్తాడని కలలో కూడా అనుకోలేదు. నేను కాదనలేకపోయాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఒప్పుకోవు."

"అది తెలిసే చెప్పలేదు. అంటే అది తప్పని మీకు తెలుసు."

ఆయన టేబుల్ అంచుని గోటితో గీకుతూ ఉండిపోయాడు. "నీకొకటి చెప్పనా," అన్నాడు చివరికి. "నాకు వచ్చే ఫోన్లన్నీ నీ కోసమే. మేడం గారికి ఒక్క మాట చెప్పండి, మేడం గారి అపాయింట్‌మెంటు ఇప్పించండి. పెళ్లిళ్లకి పోయినా అంతే, మరైతే గారి భర్త అని పరిచయం చేస్తారు. వాడొక్కడే నా పేరు పెట్టి పిలిచి, నువ్వు తలుచుకుంటే అవుతుందిరా అన్నాడు. ఆ మాట నాతో ఎవరైనా అని ఎన్నేళ్లయిందో నీకు తెలుసా?"

ఆమెకి తెలియదు. అడగాలని ఎప్పుడూ తోచలేదు కూడా. ఊరందరినీ ప్రశ్నలడిగే మనిషికి ఇంట్లో ఆ ఒక్క ప్రశ్న తట్టలేదు. ఆ సంగతి గుండెలో ఎక్కడో గుచ్చుకుంది. కానీ దాంతో కోపం ఇంకా ఎక్కువైంది.

"నిన్న నేను వచ్చి కత్తెరని పంపించేశానని చెప్పినప్పుడు మీరు ఆ సోఫాలోనే ఉన్నారు."

"ఊఁ."

"మంచి పని చేశావు అన్నారు."

ఆయన తల దించుకున్నాడు.

"ఇరవై ఏళ్ల మనిషిని నలుగురిలో దొంగని చేసి వచ్చాను. వచ్చి మీకు చెప్పాను. నీళ్లు తెచ్చిచ్చారు. మంచి పని చేశావు అని తెచ్చిచ్చారు. ఎలా అనగలిగారండీ ఆ మాట?"

"భయమేసింది."

"ఇంకేమైనా ఉందా నాతో చెప్పాల్సింది? ఉంటే ఇప్పుడే చెప్పండి. ఇంకొకళ్ల నోటి నుంచి వింటే నేను తట్టుకోలేను."

"లేదు. ఇంతే. ఇంకేం లేదు."

అత్తగారు ముక్కు తుడుచుకుంది. కొడుకుని కడిగేస్తుందని ఎడిటర్ ఎదురుచూసింది. ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, వాడు చేసింది వెధవ పనే. నేను కాదనను. కానీ ఇది బయటికి పొక్కితే వాడు మనిషిగా మిగలడు. అసలే గుండె జబ్బు. బజారుకి పాలకి వెళ్లినా మొహాన ఉమ్మేస్తారు. ఆ పిల్ల ఎలాగూ వెళ్లిపోయింది కదమ్మా."

"అలాంటిది కాదు అన్నారు కదా అత్తయ్యా, ఇంతకుముందే."

"అన్నాను. ఇప్పుడూ అంటాను. కానీ వీడు నా కొడుకు." ఆవిడ ఆ మాట చాలా మామూలుగా అంది.

పదకొండు దాటాక ఎడిటర్ సెల్‌ఫోను మోగింది. పేపరూ ఛానెలూ రెండింటికీ యజమాని, ఆఫీసులో అందరికీ పెద్దాయన. మూడు రోజులుగా ఆయన గొంతు ముళ్లకంప మీద నడుస్తున్నట్టు ఉండేది. ఇప్పుడు హాయిగా ఉంది.

"గండం గట్టెక్కిందమ్మా. మీ ఇన్‌ఛార్జి ఉత్తరం పంపించింది. ఫొటో తనే తీశానని, నీకేమీ తెలియదని రాసి సంతకం పెట్టింది. సాయంత్రం ఆరింటికి షో మొదట్లోనే చదివి వినిపించు. లాయరు కూడా చూశాడు, చక్కగా ఉందన్నాడు."

"ఆమె రాసిందా?"

"ఆమె కాక ఎవరు రాస్తారు?"

"ఎందుకు రాసింది?"

"చేసింది కాబట్టి రాసింది. నువ్వేగా నిన్న నాతో అన్నావు." పెద్దాయన నవ్వాడు. "లేకపోతే ఈ సాయంత్రం నీ చేత రాజీనామా చదివించాల్సి వచ్చేది. నాకూ బాధే. సరే, ఐదింటికల్లా వచ్చెయ్యి."

అబద్ధం అన్న మాట ఆమె నోటి దాకా వచ్చింది. ముందు కత్తెరని చూడాలి, తర్వాత చెప్పొచ్చు అనుకుని మింగేసింది. అలా అనుకోవడం ఆ క్షణానికి సుఖంగా ఉంది. ఫోను పెట్టేసి తిరిగి చూసింది. భర్త ఏమైందని కూడా అడగలేదు. పేపరు మడతలు సరిచేస్తున్నాడు.

కత్తెర ఉండేది కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం మీద, మూడో అంతస్తులో. ఎడిటర్ కారు సందు మొదట్లోనే ఆపించి నడిచింది. పండ్ల బండి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఆమెని చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. "మరైతే గారూ, సాయంత్రం ప్రశ్నలు మాకూ ఇస్తారా?" అన్నాడు దుకాణం అరుగు మీద కూర్చున్న ఒకాయన. పక్కవాళ్లు నవ్వారు. ఆమె వినిపించనట్టు మెట్లెక్కింది. రెండో అంతస్తు దాకా ఆ నవ్వు వినిపిస్తూనే ఉంది.

కత్తెర తలుపు తీసి, కాసేపు గుమ్మంలోనే నిలబడింది. ఇంట్లో కట్టుకునే చీర, ముడి వేసిన జుట్టు. ఆఫీసులో ఎప్పుడూ చెవి వెనక ఉండే పెన్సిలు లేదు.

"రండి మేడం. ఇల్లు సర్దలేదు," అంది.

ఇల్లు సర్దే ఉంది. గదిలో ఒక మంచం, రెండు కుర్చీలు, గోడ పొడవునా పుస్తకాలు, కిటికీ దగ్గర కూతురు చదువుకునే బల్ల. కూతురు కాలేజీకి వెళ్లింది. కత్తెర లోపలికి వెళ్లి టీ పెట్టింది. స్టవ్ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. గ్లాసు తెచ్చి ఎడిటర్ ముందు పెట్టి, తను మంచం అంచున కూర్చుంది.

"నేను తప్పు చేశాను," అంది ఎడిటర్. దారి పొడవునా పెద్ద పెద్ద వాక్యాలు అనుకుంటూ వచ్చింది. తీరా ఇదొక్కటే మిగిలింది.

"ఊఁ," అంది కత్తెర.

"ఆ ఫొటోలో 'ప్రాధాన్యత' ఉంది. నీ దగ్గర పెట్టిన కార్డులో లేదు. ఈ పొద్దున చూశాను."

"నేను నిన్ననే చూశాను మేడం. మీరు ఫోను నా మొహం మీద పెట్టినప్పుడే."

ఎడిటర్ టీ గ్లాసు అందుకోబోయి ఆగింది.

"చూసి, ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నలభై మంది నిలబడి ఉన్నారు. ఈ కార్డు నా దగ్గరికి రాలేదు మేడం, మీ ఇంట్లోనే ఎవరో తీశారు అనాలి. మీ ఇంట్లో ఉండేది ఎవరో అందరికీ తెలుసు. మీరే సాయంత్రానికి చూసుకుంటారులే అనుకున్నాను. మీ కంటికి దొరకని తప్పు ఉంటుందా అనుకున్నాను."

"మరి ఆ ఉత్తరం ఎందుకు రాశావు?" ఎడిటర్ గొంతు పెరిగింది. "చెయ్యని పని చేశానని ఎవరైనా రాసిస్తారా? రేపు నీకు ఏ పేపరు వాళ్లు పని ఇస్తారు? నీ కూతురు ఏమనుకుంటుంది? నీకు మతి పోయిందా?"

కత్తెర ఆమెని వింతగా చూసింది. అప్పటిదాకా ఆ మొహంలో అలసటే ఉంది. ఇప్పుడు ఇంకేదో వచ్చి చేరింది.

"అదేమిటి మేడం. సార్ వచ్చారు కదా."

"ఏ సార్?"

"మీ వారు. నిన్న సాయంత్రం ఇదే కుర్చీలో గంటసేపు కూర్చున్నారు. జరిగిందంతా చెప్పారు. నా చేతులు పట్టుకుని ఏడ్చారు. మేడం షో పోతుంది, ఉద్యోగం పోతుంది, నీ మీద ఎలాగూ పడింది కాబట్టి ఒక కాగితం రాసిస్తే అందరం ఒడ్డున పడతాం అన్నారు. రాసిచ్చాను. అక్కడే కూర్చుని రెండు తప్పులు దిద్దారు కూడా."

ఎడిటర్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. నిన్న సాయంత్రం మందులకని చెప్పి వెళ్లాడు. పొద్దున కళ్లలోకి చూసి ఇంకేం లేదు అన్నాడు. మొదటిసారి భయపడి చేశాడు, సరే. ఇది భయం కాదు. ఇది కూర్చుని, ఆలోచించి, కామాలు సరిచూసి చేసిన పని.

"నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

"మీరు పంపారనుకున్నాను," అంది కత్తెర.

కిటికీలోంచి కింద మిషను తిప్పి చూస్తున్న చప్పుడు వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది.

"మా ఆయన మమ్మల్ని వదిలేసి పోయినప్పుడు చంకలో పిల్లతో మీ దగ్గరికి వచ్చాను. ఏం చదివావు అని కూడా అడగలేదు మీరు. కుర్చీ చూపించి కూర్చో అన్నారు. ఇరవై ఏళ్లలో నన్నెప్పుడూ ఏమీ అడగలేదు. నిన్న మొదటిసారి అడిగించారు అనుకున్నాను. నోటితో అడగడానికి మొహం చెల్లక సార్‌ని పంపారు అనుకున్నాను. అందుకే రాశాను. సార్ కోసమైతే రాసేదాన్ని కాదు."

"నేను పంపలేదు. ఒట్టు. నాకు ఇందులో ఒక్క ముక్క తెలియదు."

కత్తెర మాట్లాడలేదు. ఎదుటి మనిషి కెమెరా ముందు తప్పించుకుంటున్నప్పుడు ఎడిటర్ కూడా ఇలాగే మాట్లాడకుండా చూస్తుంది. ఆ చూపుకి ఇవతల కూర్చోవడం ఎలా ఉంటుందో ఆమెకి ఇప్పుడే తెలిసింది.

"నిజం చెబుతున్నాను. నమ్మవా నువ్వు?"

"ఉత్తరం గురించి మీకు ఎప్పుడు తెలిసింది?"

"పదకొండింటికి. పెద్దాయన ఫోను చేశారు."

"అప్పటికి తప్పు మీ ఇంట్లో జరిగిందని తెలుసా?"

"తెలుసు."

"పెద్దాయనకి చెప్పారా?"

ఎడిటర్ తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు చెప్పండి," అంది కత్తెర. గొంతు పెంచలేదు. "నా ఎదురుగానే. ఆ ఉత్తరం అబద్ధం, ఫొటో తీసింది మా ఆయన అని ఒక్క మాట. నాకు నా ఉద్యోగం కూడా అక్కర్లేదు. మీరు పంపలేదన్న మాట ఒక్కటి నమ్ముతాను. నాకు అది చాలు."

ఎడిటర్ బ్యాగులోంచి ఫోను తీసింది. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. నొక్కింది. రెండు రింగులకే పెద్దాయన ఎత్తాడు.

"చెప్పమ్మా. బయలుదేరావా?"

ఆమె కళ్ల ముందు భర్త తల దించుకుని కూర్చున్న డైనింగ్ టేబుల్ కనిపించింది. అత్తగారు పట్టుకున్న చెయ్యి ఇంకా వెచ్చగానే ఉన్నట్టు అనిపించింది. ఆరింటికి రాజీనామా చదువుతున్న తన మొహం కనిపించింది. పదేళ్ల షో, ముప్పై ఏళ్ల పేపరు. పండ్ల బండి దగ్గర ఆడవాళ్లు.

"హలో? వినిపిస్తోందా? చెప్పమ్మా."

"ఏం లేదండీ," అంది ఎడిటర్. "ట్రాఫిక్ ఉంది. ఐదింటికల్లా వచ్చేస్తాను."

తన గొంతు తనకే వినిపించింది. స్టూడియోలో ఎలా ఉంటుందో అలాగే ఉంది, తొణకలేదు. ఫోను ఒళ్లో పెట్టుకుంది. "సాయంత్రం చెబుతాను. షోలోనే చెబుతాను. అందరి ముందూ చెబితేనే బాగుంటుంది కదా," అంది.

కత్తెర కోప్పడలేదు, ఏడవలేదు. లేచి, ముట్టని టీ గ్లాసు తీసుకెళ్లి లోపల ఒంపేసి వచ్చింది. తలుపు తీసి పట్టుకుంది.

"టైమవుతోంది, వెళ్లండి మేడం. ఒక్కటి అడుగుతాను, కాదనకండి. ఉత్తరం చదివేటప్పుడు నా పేరు చదవకండి. ఇన్‌ఛార్జి అని చదవండి చాలు. మా అమ్మాయి మీ షో ఒక్కటి కూడా మానదు."